ఏటీవీ టైరు పంచరైతే తోటలోనే సరిచేసుకోవడం ఎలా?

హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు తోటలున్నవాళ్ల దగ్గర ఇప్పుడు ఏటీవీలు, అంటే లావు టైర్లతో మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండ్లు, బాగానే కనిపిస్తున్నాయి. ఎరువు బస్తాలు మోయడానికి, బోరు దగ్గరికి వెళ్లి రావడానికి, ఆదివారం పిల్లల్ని తిప్పడానికి వాడుతున్నారు. శామీర్‌పేట, వికారాబాద్ వైపు రిసార్టుల్లో అద్దెకు తిరిగేవి సరేసరి. బండి బాగున్నన్ని రోజులూ బాగుంటుంది. పంచర్ పడిందంటే మాత్రం చాలామందికి టెన్షన్. ఆ టెన్షన్‌కు కారణం లేకపోలేదు. చాలా ఏటీవీలకు రోడ్డు మీద తిరగడానికి రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి పంచర్ షాపు దాకా నడుపుకుంటూ పోలేరు. స్టెప్నీ ఉండదు. షాపతన్ని తోటకు పిలిపించినా, ఇలాంటి టైరు ముందెప్పుడూ ముట్టుకోలేదనే జవాబు రావచ్చు.

అసలు సంగతేమిటంటే, ఈ పని మీరే చేసుకోవచ్చు. ట్రెడ్‌లో, అంటే టైరు నేలకు తగిలే భాగంలో, ముల్లో మేకో దిగిన మామూలు పంచరైతే చాలాసార్లు చక్రం విప్పే పని కూడా ఉండదు. అయితే ఒక్క విషయం మొదట్లోనే మనసులో పెట్టుకోవాలి. ఏటీవీ టైరు తక్కువ గాలి మీద నడవడానికి తయారైంది. కారు టైరులో 30, 33 పాయింట్ల గాలి ఉంటుంది. దీంట్లో చాలా మోడళ్లకు 4 నుంచి 7 పాయింట్లే, అంటే అన్నే పీఎస్‌ఐ. మెత్తగా నలిగి, రాయినీ గుంతనూ తనలో కలుపుకుని పోవడం ఈ టైరు పని. చాలా ఏటీవీల్లో సస్పెన్షన్ చేసే పనిలో కొంత భాగం టైరే చేస్తుంది. కారు, బైకు అలవాటుతో చేసే తప్పులన్నీ ఈ తేడా మరిచిపోవడం వల్లే జరుగుతాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

పంచరయ్యాక వెతుక్కుంటే కుదరదు. ట్యూబ్‌లెస్ పంచర్ కిట్ ఒకటి కొనండి. అందులో రెండు పిడులుంటాయి. ఒకటి రంధ్రాన్ని రాకే రీమర్, రెండోది స్ట్రిప్ ఎక్కించి గుచ్చే సూది. వాటితోపాటు రబ్బరు స్ట్రిప్పులు, ఒక చిన్న ట్యూబు సొల్యూషన్ వస్తాయి. ప్లాస్టిక్ పిడులున్న చవక కిట్ తీసుకోకండి. ఏటీవీ టైరు రబ్బరు లావుగా ఉన్నచోట గుచ్చేటప్పుడు పిడి విరిగి చేతికి గాయమవుతుంది. ఇనుప పిడులు, అడ్డంగా రెండు చేతులతో పట్టుకునే రకం మంచిది. సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది. కాబట్టి కొత్తది ఒకటి ఎప్పుడూ అదనంగా ఉంచండి.

ఇంకా కావాల్సినవి: నోస్ ప్లయర్, బ్లేడు, సుద్దముక్క, సబ్బునీళ్లకు ఒక స్ప్రే సీసా, వాల్వ్ పిన్ను విప్పే చిన్న పనిముట్టు, రెండు మూడు కొత్త పిన్నులు, సామాను బిగించి కట్టే రాచెట్ బెల్టు ఒకటి. గాలికి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఉంటే సుఖం. లేకపోతే సైకిల్ పంపు సరిపోతుంది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. కావాల్సింది 5 పాయింట్లే కదా, పంపు బరువెక్కదు. టైరు పెద్దది కాబట్టి ఎక్కువసేపు కొట్టాలి, అంతే.

కిట్టు, పిన్నులు, బెల్టు సికింద్రాబాద్‌లో రాణీగంజ్ వైపు వెళ్తే ఒకే చక్కర్‌లో దొరుకుతాయి. ఒక్క వస్తువుకు మాత్రం కాస్త శ్రమపడాలి. అది తక్కువ గాలిని కొలిచే గేజ్. 0 నుంచి 10 లేదా 15 పీఎస్‌ఐ వరకు మాత్రమే చూపించే గేజ్ కావాలి. ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతుంది. కారు గేజ్ ఎందుకు పనికిరాదంటే, 100 వరకు చూపే గేజ్ రెండు పాయింట్లు అటూ ఇటూ చూపించినా కారు టైరుకు పెద్ద నష్టం లేదు. 5 పాయింట్ల టైరులో రెండు పాయింట్ల తేడా అంటే దాదాపు సగం. ఈ జాబితాలో ఏదైనా ఒకటి మానుకోవాలనుకుంటే గేజ్ తప్ప మరేదైనా మానుకోండి.

గాలి పోయిందని తెలియగానే

హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంటే, వెనక భాగం అటూ ఇటూ ఊగుతున్నట్టుంటే, వెంటనే వేగం తగ్గించి ఆపండి. షెడ్డు దాకా పోనిద్దాంలే అనుకోవద్దు. గాలి లేని టైరు మీద బండి బరువు పడితే రిమ్ అంచు టైరు పక్కగోడను లోపలి నుంచి నలిపేస్తుంది. ముల్లు చేసిన రంధ్రాన్ని పది నిమిషాల్లో పూడ్చొచ్చు. నలిగి చిరిగిన పక్కగోడను ఎవరూ బాగుచేయలేరు. పైగా బీడ్, అంటే టైరు రిమ్‌కు పట్టుకునే లావు అంచు, ఊడి లోపలికి జారిపోతే పని రెండింతలవుతుంది.

ఆపేది ఎక్కడన్నది కూడా చూసుకోండి. చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. గట్టు వాలులో ఆపి పని మొదలుపెట్టొద్దు. పార్కింగ్ బ్రేకు వేయండి, గేరు పార్క్‌లో పెట్టండి, తాళం తీసి జేబులో వేసుకోండి. పిల్లలు పక్కన ఉంటే తాళం బండికి వదలడం అసలు మంచిది కాదు. ఇంజిన్ ఆపినా సైలెన్సర్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. వెనక చక్రం దగ్గర కూర్చునేముందు అది ఏ పక్కనుందో చూసుకోండి.

గాలి ఎక్కడి నుంచి పోతోంది?

చాలామంది టైరు చుట్టూ ముల్లు కోసం వెతకడంతో మొదలుపెడతారు. మీరు వాల్వుతో మొదలుపెట్టండి. మూత తీసి, వాల్వు నోటి మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేయండి. బుడగ పైకి వస్తే లోపలి పిన్ను వదులైనట్టు, లేదా దాంట్లో మట్టి చేరినట్టు. పిన్ను కొద్దిగా బిగించండి. ఆగకపోతే కొత్తది మార్చండి. బురదలో తిరిగే బండికి మూత లేకుండా నడిపితే ఈ తంటా తరచూ వస్తుంది. వాల్వు కాడను అటూ ఇటూ వంచి, అది రిమ్‌లోంచి బయటికొచ్చేచోట కూడా సబ్బునీళ్లు వేయండి. ఎండకు రబ్బరు పగిలి అక్కడి నుంచి కూడా గాలి పోతుంది.

వాల్వు బాగుంటే ట్రెడ్ చూడండి. మన వైపు తోటల్లో అసలు శత్రువు సర్కారు తుమ్మ. కంచె కోసం కొట్టిన కంప నుంచి రాలిన ఎండుముళ్లు దారిలో మట్టిలో కలిసిపోయి కనపడవు. ఆ ముల్లు టైరులో దిగాక పైభాగం నేలకు రాసుకుని విరిగిపోతుంది. చివర మాత్రం లోపల మిగులుతుంది. అందుకే కంటితో చూస్తే రబ్బరు మీద నల్లచుక్కలా మాత్రమే ఉంటుంది. టైరులో కాస్త గాలి నింపి, బ్రేకు వదిలి గేరు న్యూట్రల్‌లో పెట్టి, సబ్బునీళ్లు స్ప్రే చేస్తూ, బండిని కొద్దికొద్దిగా ముందుకు తోస్తూ చుట్టూ చూడండి. బుడగలు వచ్చిన ప్రతిచోటా సుద్దతో గుండ్రంగా గీయండి. ఒక రంధ్రం దొరకగానే ఆపేయకండి. తుమ్మకంప తొక్కిన టైరుకు ఒకే ముల్లు దిగడం అరుదు.

ట్రెడ్‌లో ఎక్కడా కనపడకపోతే రిమ్, టైరు కలిసేచోట చుట్టూ స్ప్రే చేయండి. అక్కడ బుడగలొస్తే బీడ్‌లో మట్టి గానీ రాయి గానీ ఇరుక్కుని ఉంటుంది, లేదా రిమ్ వంగి ఉంటుంది. తక్కువ గాలి మీద నడిచే టైరు కాబట్టి బండ మీదుగా పక్కకు జారినప్పుడు బీడ్ ఒక్క క్షణం తెరుచుకుని, ఇసుక లోపలికి పోతుంది. ఇది కారు టైరులో దాదాపు కనపడని సమస్య.

ముల్లు దొరికింది కదా అని వెంటనే పీకేయకండి. ముందు సామానంతా చేతికందేలా పెట్టుకోండి. ముల్లు ఉన్నంతసేపూ అదే బిరడాలా పనిచేస్తుంది. పీకితే ఉన్న గాలి కూడా పోయి బీడ్ జారిపోవచ్చు.

దీన్ని పూడ్చవచ్చా, లేదా?

ఈ నిర్ణయం నిజాయితీగా తీసుకోండి. రంధ్రం ట్రెడ్ భాగంలో ఉండి, సుమారు 6 మిల్లీమీటర్లకు మించకపోతే స్ట్రిప్‌తో పూడ్చవచ్చు. పక్కగోడలో ఉంటే అది బాగుచేసే పంచర్ కాదు. కారు టైరు కంటే ఏటీవీ టైరు పక్కగోడ ఎన్నో రెట్లు ఎక్కువ వంగుతుంది, ఎందుకంటే గాలి తక్కువ. ప్రతి చుట్టులో వంగి లేచేచోట స్ట్రిప్ నిలవదు. అడవిలో ఇరుక్కుపోతే పక్కగోడకు కూడా స్ట్రిప్ వేసి, నడక వేగంతో షెడ్డుకు చేరుకోవచ్చు. అంతవరకే. ఆ తర్వాత టైరు మార్చాల్సిందే. "ఇంకో నెల నడుస్తుందిలే" అని పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం ఎంత మాత్రం సరికాదు.

స్ట్రిప్ వేసే పద్ధతి

రంధ్రం మీ ముందుకు, చెయ్యి తిరిగేంత ఎత్తులో వచ్చేలా బండిని కొద్దిగా తోయండి. ఫెండర్ (మడ్‌గార్డు) అడ్డం వస్తే హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు చక్రం బయటికి వస్తుంది.

నోస్ ప్లయర్‌తో ముల్లును, అది ఏ వాలులో దిగిందో గమనిస్తూ, అదే వాలులో బయటికి లాగండి. తర్వాతి రెండు పనులకూ ఈ వాలు కావాలి. ముల్లు ఏటవాలుగా దిగితే మీరు నిట్టనిలువుగా గుచ్చకూడదు. గుచ్చితే పాత రంధ్రం పక్కన కొత్తది పడుతుంది.

రీమర్‌ను ఆ వాలులోనే లోపలికి దించి, పైకీ కిందికీ ఓ పదిసార్లు ఆడించండి. రంధ్రం అంచులు గరుకుగా అయితేనే సొల్యూషన్ పట్టుకుంటుంది. ఇక్కడో జాగ్రత్త ఉంది. ఏటీవీ టైర్లలో రెండు ప్లైల (రబ్బరు లోపలి దారపు పొరల) పలచటివీ ఉంటాయి, ఆరు ప్లైల గట్టివీ ఉంటాయి. పక్కన రాసి ఉంటుంది. గట్టి టైరుకు రీమర్ దించాలంటే ఒళ్లు బరువంతా వేయాలి. పలచటి టైరుకు అంత బలం పెడితే రీమర్ ఒక్కసారిగా దూసుకుపోయి రంధ్రం అవసరానికి మించి పెద్దదవుతుంది. మెల్లగా తిప్పుతూ దించండి.

సూది కంట్లో స్ట్రిప్‌ను సరిగ్గా సగానికి ఎక్కించండి. స్ట్రిప్‌కంతా సొల్యూషన్ పూయండి, రంధ్రం నోటి దగ్గర కూడా కొంచెం వేయండి. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని, స్ట్రిప్ రెండు కొసలూ సుమారు ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా నొక్కండి. మొత్తం లోపలికి పోనివ్వకండి. తర్వాత సూదిని మెలితిప్పకుండా, ఒక్క ఊపున, గుచ్చిన వాలులోనే సూటిగా బయటికి లాగండి. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా దానితోపాటే వచ్చేస్తుంది.

ఒక స్ట్రిప్ వదులుగా అనిపిస్తే, పక్కనే రెండోది కూడా అదే పద్ధతిలో దించండి. మూడోది అవసరమైందంటే రంధ్రం స్ట్రిప్‌తో ఆగేది కాదని అర్థం.

సొల్యూషన్ ఆరడానికి ఐదు నిమిషాలు వదలండి. బయట మిగిలిన కొసల్ని బ్లేడుతో కోయండి, కానీ రబ్బరుకు సమానంగా కోయొద్దు. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంచండి. పలచటి టైరులో స్ట్రిప్‌కు పట్టుండేది తక్కువ మందమే, ఆ కొస నేలకు నలిగి తలలా పరుచుకుంటే లోపలికి జారకుండా ఆగుతుంది. తర్వాత గాలి నింపి, మళ్లీ సబ్బునీళ్లు వేసి చూడండి. చిన్న బుడగ ఒక్కటి వచ్చినా పని కాలేదనే లెక్క.

గాలి నింపడం: అసలు జాగ్రత్త ఇక్కడే

ఎంత గాలి ఉండాలో బండి మీదే స్టిక్కర్ ఉంటుంది, సాధారణంగా ఫెండర్ మీదో సీటు దగ్గరో. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేరువేరు అంకెలు ఉండవచ్చు, బరువు వేసినప్పుడు మరో అంకె ఉండవచ్చు. స్టిక్కర్ చెరిగిపోతే బండితో వచ్చిన పుస్తకంలో చూడండి. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె చూసి మోసపోకండి. చాలా టైర్ల మీద అది బీడ్ కూర్చోబెట్టేటప్పుడు దాటకూడని హద్దు, నడపడానికి పెట్టాల్సిన గాలి కాదు.

పెట్రోల్ బంకులోనో షాపులోనో గాలి కొట్టించాల్సి వస్తే దగ్గర నిలబడి చెప్పండి. "అన్నా, దీంట్లో 5 పాయింట్లే కొట్టాలి, కారుకు కొట్టినట్టు కొట్టకు" అని ముందే అనండి. కంప్రెసర్ ట్యాంకులో ఉండే గాలికి ఈ టైరు క్షణాల్లో 5 దాటి 15కు పోతుంది. అంత గాలితో బండి రాయి మీద బంతిలా ఎగురుతుంది, మలుపులో నేల పట్టు తప్పుతుంది. పిల్లలు, కొత్తవాళ్లు బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. తక్కువైతే మరో ఇబ్బంది: మలుపులో టైరు పక్కకు ఒరిగి బీడ్ ఊడుతుంది, రాయి తగిలితే రిమ్ వంగుతుంది.

మన ఎండల గురించి ఒక లెక్క చెప్తాను, ఇది తెలిస్తే గేజ్ మీద మీకు కలిగే సగం అనుమానాలు తీరతాయి. మే నెల ఉదయం 28 డిగ్రీలప్పుడు 5 పీఎస్‌ఐ పెట్టారనుకోండి. మధ్యాహ్నం ఎండలో టైరు 50 డిగ్రీలకు వేడెక్కితే గేజ్ 6 దాటి చూపిస్తుంది. అంటే నాలుగో వంతు పైగా పెరిగింది. అదే వేడికి కారు టైరు 33 నుంచి 36కో అంతకు కాస్త ఎక్కువకో పోతుంది, పదో వంతు పెరుగుదలే. టైరు లోపల వేడెక్కేది గేజ్ చూపించే 5 పాయింట్ల గాలి మాత్రమే కాదు, బయటి వాతావరణ ఒత్తిడికి సమానమైన మిగతా 14 పాయింట్ల గాలి కూడా. గేజ్ ఆ 14ను చూపించదు, కానీ వేడికి అది కూడా వ్యాకోచిస్తుంది. అందుకే ఏటీవీ టైరులో గాలి ఎప్పుడూ ఉదయం చల్లగా ఉన్నప్పుడే, బండి నడపకముందే కొలవాలి. మధ్యాహ్నం ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే, మరుసటి ఉదయానికి టైరు కుంగి ఉంటుంది.

ఒకే ఇరుసు మీదున్న రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. చాలా ఏటీవీల వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలనూ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారులో ఉన్నట్టు ఉండదు. ఒక టైరు కుంగితే దాని చుట్టుకొలత తగ్గి బండి ఆ పక్కకు లాగుతుంది. గేజ్ మీద నమ్మకం కుదరకపోతే దర్జీ టేపుతో రెండు టైర్ల చుట్టుకొలత కొలిచి చూడండి, తేడా వెంటనే తెలిసిపోతుంది.

చక్రం విప్పాల్సి వస్తే

బీడ్ ఊడినా, రంధ్రం పెద్దదైనా చక్రం విప్పక తప్పదు. బండిని లేపకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక్కో అరచుట్టు వదులు చేయండి. గాల్లో తిరిగే చక్రానికి నట్టు విప్పలేరు. ఎదుటి పక్క చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. వాన పడ్డ ఎర్రనేలలో జాకీ కిందికి దిగిపోతుంది, కాబట్టి దాని కింద వెడల్పాటి చెక్క వేయండి. జాకీని ఫ్రేము కింద, పుస్తకంలో చూపించిన చోటే ఆనించండి. ఇంజిన్ కింద వద్దు. లేపాక ఫ్రేము కింద చెక్కదిమ్మె పెట్టండి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు బరువుకు ఒక్కసారిగా పగులుతాయి, వాటిని నమ్మొద్దు. లేపిన బండి కింద కాలో చెయ్యో ఎప్పుడూ పెట్టకండి.

తిరిగి బిగించేటప్పుడు నట్టు ఏటవాలు పక్క రిమ్ వైపు ఉందో లేదో చూసుకుని, ముందు అన్నిటినీ చేత్తో ఎక్కించండి. తర్వాత ఎదురెదురుగా ఉన్నవి ఒక్కొక్కటిగా బిగించండి. చివరి బిగింపు బండిని దించాకే. ఒక రౌండు తిరిగి వచ్చాక మళ్లీ స్పానర్ వేసి చూడండి.

ఊడిన బీడ్‌ను కూర్చోబెట్టడం

పంచర్ కంటే ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. రిమ్‌కు అటూ ఇటూ ఖాళీ ఉంటే మీరు పంపు కొట్టే గాలి కొట్టినంతసేపూ బయటికి పోతూనే ఉంటుంది. దానికి ఓ పద్ధతి ఉంది.

మొదట రిమ్ అంచునూ బీడ్‌నూ తడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. చిన్న ఇసుకరేణువున్నా గాలి లీకవుతుంది. లోపల విరిగిన ముల్లుకొన ఉందేమోనని టైరు లోపలంతా గుడ్డతో రాయండి. వేళ్లతో వెతకొద్దు, గుచ్చుకుంటుంది. గుడ్డ పట్టుకున్నచోట ముల్లు ఉన్నట్టు. అది తీయకపోతే రేపు మళ్లీ అదే పంచర్.

బీడ్ చుట్టూ చిక్కటి సబ్బునురుగు రాయండి. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపితే సరిపోతుంది. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, డీజిల్ రాయకండి. అవి రబ్బరును పాడుచేస్తాయి, ఎండిపోవు కాబట్టి తర్వాత టైరు రిమ్ మీద జారుతుంది.

ఇప్పుడు రాచెట్ బెల్టును ట్రెడ్ మధ్యలో టైరు చుట్టూ వేసి బిగించండి. మధ్యలో నొక్కితే రెండు పక్కగోడలూ బయటికి తెరుచుకుని రిమ్‌కు తగులుతాయి. బెల్టు లేకపోతే మోకు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పినా అదే పని జరుగుతుంది. వాల్వ్ పిన్ను తీసేసి గాలి పెట్టండి. పిన్ను లేకపోతే గాలి వేగంగా లోపలికి పోతుంది. బీడ్ పట్టుకుని గాలి నిలవడం మొదలవగానే బెల్టు వదులు చేయండి, బిగించి ఉంచి గాలి పెంచకండి. కాసేపటికి టప్‌మని రెండుసార్లు శబ్దం వస్తుంది, రెండు పక్కలా బీడ్ కూర్చున్నట్టు. రిమ్ పక్కన టైరు మీద గుండ్రంగా ఒక సన్నటి గీత ఉంటుంది. అది చుట్టూ రిమ్‌కు సమాన దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దాగితే గాలి తీసి, సబ్బు రాసి మళ్లీ పెట్టండి. సరిగ్గా కూర్చున్నాక పిన్ను మళ్లీ బిగించి, స్టిక్కర్ మీద ఉన్నంత గాలి పెట్టండి.

దయచేసి ఇక్కడ తొందరపడకండి. బీడ్ కూర్చోలేదని 30, 40 పాయింట్లు దాటించుకుంటూ పోయేవాళ్లున్నారు. టైరు మీద రాసిన హద్దు దాటితే బీడ్ తెగి రిమ్‌తోసహా ఎగురుతుంది, ప్రాణాలు పోతాయి. గాలి పైపు వాల్వుకు క్లిప్పుతో తగిలించి, మీరు టైరు పక్కగోడకు ఎదురుగా కాకుండా, ట్రెడ్ వైపు దూరంగా నిలబడండి. పెట్రోలో స్ప్రేనో కొట్టి నిప్పంటించి బీడ్ ఎక్కించే వీడియోలు చూసే ఉంటారు. అవి మాత్రం చేయొద్దు. సైకిల్ పంపుతో కుదరకపోతే చక్రాన్ని కారు డిక్కీలో వేసుకుని, దగ్గర్లో ట్రాక్టర్ టైర్లు చేసే షాపుకు తీసుకెళ్లండి. పెద్ద కంప్రెసర్‌తో వాళ్లకు రెండు నిమిషాల పని.

షాపులో చెప్పాల్సిన మాటలు

స్ట్రిప్ తాత్కాలికం అనుకునే పని లేదు, తోటలో తిరిగే నెమ్మది వేగానికి అది చాలాకాలం నిలుస్తుంది. అయినా పెద్ద రంధ్రానికి లోపలి నుంచి వేసే, పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచే గట్టిది. షాపులో అదే అడగండి. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే అది చూపించండి, తిప్పి ఎక్కిస్తే బురదలో పట్టు తగ్గుతుంది. రంధ్రాలను లోపలి నుంచి దానంతటదే పూడ్చే సీలెంట్ ద్రవం పోసి ఉంటే టైరు విప్పకముందే చెప్పండి, అతని మీద చిందుతుంది. అది తుడవకుండా వేస్తే ప్యాచ్ కూడా అతకదు.

సీలెంట్ మంచిదా కాదా అని చాలామంది అడుగుతారు. తుమ్మకంప ఉన్న తోటలో తిరిగే బండికైతే పోయించడమే మంచిదని నా అభిప్రాయం. చిన్న ముళ్ల రంధ్రాలు మీకు తెలియకుండానే పూడుకుపోతాయి. సీసా మీద టైరు సైజుకు ఎంత పోయాలో ఇస్తారు, బైకు లెక్కలో పోస్తే చాలదు. సీలెంట్ ఉన్న టైరుకు గాలి చూసేటప్పుడు వాల్వు పైభాగంలో ఉండేలా చక్రం తిప్పుకోండి. కిందుంటే ద్రవం వాల్వులోకి వచ్చి పిన్నునూ గేజ్‌నూ పాడుచేస్తుంది.

టైరు మార్చాల్సి వస్తే పక్కన రాసిన సైజే తీసుకోండి. 25×8-12 అంటే టైరు ఎత్తు 25 అంగుళాలు, వెడల్పు 8, రిమ్ 12 అంగుళాలు. ముందు వెనక సైజులు చాలా బండ్లలో వేరుగా ఉంటాయి, అందుకే ఏ చక్రానిదో చూసి రాసుకోండి. ఒక ఇరుసుకు రెండూ ఒకేసారి మార్చడం మేలు. అరిగినదీ కొత్తదీ కలిపితే చుట్టుకొలత తేడా వచ్చి బండి పక్కకు లాగుతుంది. నాలుగు చక్రాలూ లాగే మోడలైతే సైజు అసలు మార్చకండి, ముందు వెనక చక్రాల లెక్క కంపెనీ కుదిర్చి పెట్టింది. కొనేటప్పుడు టైరు మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏటీవీ టైర్లు ఇక్కడ తక్కువగా అమ్ముడవుతాయి కాబట్టి షాపులో ఏళ్లతరబడి ఉన్న సరుకు అంటగట్టే అవకాశం ఉంది.

పంచర్ వేశాక మొదటి రౌండు పెద్దవాళ్లే, హెల్మెట్ పెట్టుకుని, నెమ్మదిగా తిప్పి రండి. తిరిగొచ్చాక సుద్ద గుర్తు దగ్గర మళ్లీ సబ్బునీళ్లు వేయండి. బండిని షెడ్డు నీడలో పెట్టి, మరుసటి ఉదయం గేజ్ పెట్టి చూడండి. రాత్రి పెట్టిన అంకెకు అర పాయింటు తగ్గితే చల్లదనం వల్ల కావచ్చు, పక్క టైరు కూడా అంతే తగ్గి ఉంటుంది. దీంట్లో మాత్రమే తగ్గితే స్ట్రిప్ పక్కన రెండోది దించాలి, లేదా మీరు చూడని మరో ముల్లు ఇంకా టైరులోనే ఉంది.